పప్పు ఉడికిన నీళ్లు

నా తలకాయ ఏ నీళ్లలో వేసినా ఉడకదని మా సారు ఏడో తరగతిలోనే తేల్చేశాడు. ఆయన మాట మీద గౌరవంతో మర్నాటి నుంచి బడి మానేసి, తాండూరులో ఒక పప్పు మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాను. అక్కడ నేర్చిన చదువు ఒక్కటే. కందిపప్పు ఉడకలేదని ఎవరైనా గొడవకొస్తే పప్పును అనకూడదు, నీళ్లను అనాలి.

మా ఇల్లు వికారాబాద్ దాటాక పూడూరు వైపు. పెరటి బావికి అవతల పొడవాటి గోడ, గోడ లోపల మిలిటరీ వాళ్ల మందుగుండు పని. వానాకాలంలో ఆ గోడ కింది నుంచి ఎర్రటి నీళ్లు కారి మా బావి వైపే వచ్చేవి. ఎర్ర నేల కదా, ఎర్ర నీళ్లే వస్తాయని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. మొన్న వేసవిలో తెల్ల సూట్లు, మాస్కులు వేసుకున్న మనుషులు దిగారు. గోడ పక్క మట్టి తవ్వి, సంచుల్లో కట్టి, లారీలకెత్తి టార్పాలిన్ కప్పి పంపుతున్నారు. ఎక్కడికంటే చెప్పరు.

వాళ్ల పెద్దాయన మా బావి నీళ్లు సీసాలో పట్టుకున్నాడు.

"భయమేం లేదు. రిజల్ట్ వచ్చేదాకా తాగకండి, వంటకూ వాడకండి."

"భయం లేకుంటె గా డ్రెస్సేంది సార్? నేను బనీను మీదున్న."

"ముందుజాగ్రత్త."

"మరి రిజల్ట్ ఎప్పుడొస్తది?"

"పైనుంచి రావాలి."

"వాన గూడ పైనుంచే వస్తది సార్. అదన్న ఏడాదికోపారి వస్తది."

ఆయన నవ్వలేదు. నాకు అప్పుడే అనుమానం తగిలింది. బావి పాడైందని చెప్పి, మా చెలక భూమిని కూడా గోడ లోపల కలుపుకుంటారేమో!

ఇంట్లో మా బిడ్డ కానుపుకు వచ్చి ఉంది. బావి నీళ్లకు బదులు ఆ సూట్ల వాళ్లు పంపే ట్యాంకర్ నీళ్లు ఉప్పగా ఉండేవి. ఎక్కడ నింపారో, ఎవరు నింపారో. వాటిలో పప్పు ఎంతసేపు పెట్టినా గులకరాళ్లే. బిడ్డ రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేది.

ఒక ఆదివారం నేనే పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఒకటే పప్పు, రెండు గిన్నెలు. ఒకదాంట్లో ట్యాంకర్ నీళ్లు, ఇంకోదాంట్లో బావి నీళ్లు. బావి నీళ్ల పప్పు వెన్నలా ఉడికింది.

"చూసిన్రా? మోసం ట్యాంకర్లనే ఉన్నది. మన బాయి బంగారం!" అని గరిటె ఎత్తి చాటి, ఆ పప్పే బిడ్డ కంచంలో వడ్డించాను. ఆమె ఆకలిగా ముద్ద కలిపింది.

నా భార్య వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కంచం లాక్కుని, గిన్నెడు పప్పూ తీసుకెళ్లి గుంత తవ్వి పూడ్చింది. బర్రెకు కూడా పెట్టలేదు.

"మంచిగ ఉడికింది గదనే!" అన్నాను.

ట్యాంకర్ నీళ్లతో బిడ్డ చెయ్యి కడుగుతూ, నా వైపు చూడకుండానే అంది:

"విషం నీళ్లల్ల ఏసినా పప్పు ఉడుకుతది. ఉడుకుడు తప్ప దానికేం తెలుసు? నీకు గదీ రాకపాయె."