రాయకూడని కనెక్షన్లు

మా ఓనరుకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఊక పోసే చోటు పక్కనే ఒక గది కట్టి ఇంటర్నెట్ వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. సూర్యాపేటకో లైను, కోదాడకో లైను. వడ్ల బస్తాకీ ఇంటర్నెట్‌కీ తేడా తెలియని ఆ మహానుభావుడి దగ్గర నేను నెట్‌వర్క్ చూసేవాణ్ణి. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి.

సాయంత్రమైతే చాలు, నెట్ నత్తనడక. ఎవరు ఎంత లాగుతున్నారో తేల్చమన్నాడు. ప్రతి కనెక్షన్ వాడకాన్నీ గంటగంటకూ డేటాబేస్‌లో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాను. అది కుదురుకోవడానికి వారం పట్టింది. అందులో ఫిల్టర్ ఉంటుంది; దాంట్లో ఏ నంబరు పెడితే ఆ కనెక్షన్ వాడకం రాయదు. ఆ ముక్క ఆయనకు చెప్పడమే నా ఖర్మ. మర్నాడే చీటీ తెచ్చాడు. ఎనిమిది కనెక్షన్లు, అన్నీ కోదాడలో ఆయన అత్తగారి వైపువాళ్ళవే.

"గీళ్ళది రాయకు. సుట్టాలకు అన్నం పెట్టి ముద్దలు లెక్కవెడ్తమా?"

అబ్బో, ఏం మర్యాద! లోపల నవ్వుకుంటూనే, అలాగే సార్ అని ఎనిమిదీ ఎక్కించాను.

నెల తిరిగింది. సూర్యాపేట లెక్క సరిపోయింది. కోదాడ లైన్లో పోయిన డేటాకూ, డేటాబేస్‌లో రాసి ఉన్నదానికీ మాత్రం పొంతన లేదు. సగం మాయం. ఆ సగం ఎక్కడికి పోయిందో ఎవరైనా చెప్తారు. మా ఓనరుకు తట్టదే! అత్తగారింటి వాడకం ఆయన దృష్టిలో అసలు వాడకమే కాదు. కోదాడలో మా వైర్లు లాగి కనెక్షన్లిచ్చే లైన్‌మన్‌ను పిలిపించాడు.

"ఎంతమందికి దొంగ కనెక్షన్లిచ్చినవ్ రా?"

యాభై దాటిన మనిషి. ఆ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? "పిల్లల మీద ఒట్టండి, ఒక్కరికీ ఇవ్వలేదు," అన్నాడు.

"కంప్యూటర్ అబద్ధమాడ్తదా? రేపటి సంది రాకు."

అతను నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి సార్."

ఫిల్టర్ తెరిచి చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ అందులో తొమ్మిది నంబర్లున్నాయి. తొమ్మిదోది మా ఇంటిది. స్టాఫ్ కనెక్షన్‌కు నెలకింత అని పరిమితి ఉంటే, సినిమాలు దింపుకోవడానికి నేనే చేర్చుకున్నాను. ఓనరును చూసి నవ్వుకున్న పెద్దమనిషిని నేను!

"డేటాబేస్‌లో ఉన్నదే చెప్పగలను అన్నా," అన్నాను. థూ, నా బతుకు.

అతను ఫైబర్ అతికే మిషను బల్ల మీద పెట్టాడు. "మీ ఇంటి వైరు ఎండకు పగిలింది సార్. పొద్దున్నే కొత్తది వేసి వచ్చాను," అని వెళ్ళిపోయాడు.

అతను మెట్లు దిగగానే ఫిల్టర్ తెరిచి తొమ్మిదో నంబరు తీసేశాను. మిగతా ఎనిమిదింటినీ ముట్టుకోలేదు.