ముక్కుపుడకల పెట్టెలో ఈక గాలాలు

మొన్న ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి మనవరాలికి ముక్కుపుడక కొందామని వెళ్ళాను. అంగడాయన అద్దం మూత ఉన్న వెడల్పాటి పెట్టె ఒకటి నా ముందుకు తోశాడు. లోపల నల్ల ముఖమల్, దానికి వరసగా గాట్లు, గాటుకొక పుడక. పుడకలు చూడడం మానేసి నేను ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. మనవరాలు మోచేత్తో పొడిచి, "అవ్వా, నిద్రపోతాండావా ఏంది?" అంది. ఏదో ఒకటి ఏరుకున్నాం. ఆయన దాన్ని బుల్లి డబ్బీలో పెట్టి, పైన ఎర్ర గుడ్డ సంచి తొడిగి దారం బిగించబోతుంటే నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "గుడ్డ తీసేయప్పా! లోపల ఏముందో కనపడాల" అని గట్టిగా అరిచాను. పక్కన కూర్చున్న పెళ్ళివాళ్ళు కూడా తిరిగి చూశారు. పరువు తీశానని ఇంటికొచ్చేదాకా మనవరాలు నాతో మాట్లాడలేదు. ఏం చెప్పను దానికి? అచ్చం అలాంటి పెట్టె మా మామకు ఉండేదని చెప్పనా? మామ పుడకలమ్మేవాడు కాదు, గొర్రెలు కాసేవాడు. ఆ పెట్టెలో ఆయన దాచుకున్నవి చేపల గాలాలు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డు పల్లె. ఆ రోజుల్లో ఊళ్ళో రెండు పార్టీలు. ఏది ఏ జెండా కింద ఉందో ఎన్నికకూ ఎన్నికకూ మారేది గానీ మనుషుల మధ్య పగ మాత్రం మారేది కాదు. మామ వయసులో ఉన్నప్పుడు ఒక పార్టీ పెద్దాయన జీపులో వెనక సీటు మీద కూర్చునేవాడు. ఒళ్ళో గోనెసంచి. అందులో ఏముందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాటుబాంబుల సంచి పట్టుకోవాలంటే చేయి వణకకూడదు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. మామ చేతులు అంత నిదానం. ఆ చేతులతోనే అడ్డం తిరిగిన గొర్రెపిల్లను తల్లికి నొప్పి తెలియకుండా బయటికి తీసేవాడు. ఆయన ఒక్కటి కూడా విసరలేదనీ, విసిరేవాళ్ళకు అందించడమేననీ అత్త ఒట్టు పెట్టి చెప్పేది. ఆ తేడా అత్తకు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ పట్టలేదు.

అటూ ఇటూ మనుషులు పోయి, పొలాలు బీడుపడ్డాక పెద్దలు కూర్చుని రాజీ చేశారు. అవతలి పార్టీ వాళ్ళు మామ కోసమని విడిగా ఒక షరతు పెట్టారు. "వాణ్ని ఊర్లోనే ఉండనీ, జీవాలు మేపుకోనీ. కానీ చేతిలో ఏముండాదో కనపడాల. సంచి పట్టకూడదు, మూట పట్టకూడదు." మామ గుళ్ళో దీపం ముందు ఒప్పుకొని వచ్చాడు. ఇక అప్పట్నుంచి చూడాలి ఆయన అవస్థ! సంగటి ముద్ద మూతలేని తట్టలో పెట్టుకుని, ఈగలు తోలుకుంటూ, నట్టనడి వీధిలో పొలానికి పోయేవాడు. పండగకు అత్త పుట్టింటికి పోతే సంచులన్నీ అత్త చంకలోనూ నెత్తిమీదా, మామ మాత్రం చేతులూపుకుంటూ వెనకాల. "ఈ మహారాజుకు నేను కూలీదాన్ని తల్లీ" అని అత్త దారిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. మామ నవ్వేవాడు. ఆ నవ్వు కింద ఆయన చేతులు ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టే ఉండేవి.

ఆ చేతులకు పని దొరికింది మైలవరం డ్యాం దగ్గర. అక్కడికి పనిమీద వచ్చిన ఎవరో ఇంజనీరు ఎర లేకుండా చేపలు పట్టడం మామ చూశాడు. చిన్న గాలానికి కోడి ఈక చుట్టి, పట్టుపోగుతో బిగించి నీళ్ళమీద ఆడిస్తే, పురుగు పడిందనుకుని కొర్రమీను ఎగిరి పట్టుకుంటుంది. మామకు ఇక పిచ్చి పట్టింది. ఇంట్లో ఒక్క పుంజుకూ మెడమీద ఈక మిగల్లేదు. ప్రొద్దుటూరులో మా ఇంటిపక్క మగ్గాల వాళ్ళ దగ్గర తెగిన పట్టుపోగులు ఏరి పంపడం నా వంతు. ఎర్రపుంజు ఈకకు పసుపు పోగు చుట్టినది ఒకటుండేది, దాన్ని చూపిస్తుంటే మామ మొహం వెలిగిపోయేది. పట్టిన చేపలు అత్త వండేది, మామ మాత్రం పెద్దగా తినేవాడు కాదు. "చేతులు ఊరికే ఉంటే పాతవన్నీ గుర్తొస్తాండాయి పాపా" అన్నాడొకసారి నాతో.

గాలాలు పెరిగాయి, పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. బిస్కెట్ల రేకుడబ్బాలో వేసుకున్నాడు. సంచీ కాదు, మూటా కాదు, పైన బిస్కెట్ల బొమ్మ కూడా ఉంది, ఇంకేం భయమనుకున్నాడు అమాయకుడు. పులివెందులలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ, అక్కడి అల్లుడికి చూపిద్దామని డబ్బా వెంట తీసుకుపోయాడు. ముద్దనూరు దాటాక బస్సు గుంతలో ఎగిరింది. పైనున్న డబ్బా కిందపడి గలగలమంటూ సీట్ల కింద దొర్లింది. మామను ఎరిగిన వాడెవడో, "ఓర్నాయనో, సంచాయన డబ్బారా!" అని కేక పెట్టాడు. అంతే, తలుపులోంచి కొందరు, కిటికీల్లోంచి కొందరు. డ్రైవరు అందరికంటే ముందు శనగచేలో ఉన్నాడట. బస్సులో మిగిలింది మామా, నిద్రపోతున్న ఒక ముసలామె. మామనూ డబ్బానూ స్టేషనుకు తీసుకుపోతే, అక్కడ పోలీసాయన దూరంగా నిలబడి లాఠీతో మూత ఎగదీశాడు. లోపల ఈకలు! ఏందిరా ఇవి అని వేలు పెట్టి గుచ్చుకున్నాడు. ఈ కథ మామ చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు రెండోరోజుకే ఆరిపోయింది. అవతలి పార్టీ నుంచి కబురొచ్చింది. మూసిన డబ్బా చేత పట్టినాడంటే రాజీ తప్పినట్టే, ఇంకోసారి చూస్తే మాటలుండవని.

అత్త గాలాలన్నీ పెన్నలో పారేయమంది. మామ ప్రొద్దుటూరు వచ్చి మా నట్టింట్లో కూర్చుని, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఒక పెట్టె చూసిపెట్టు పాపా. దొరికితే సరే. లేకుంటే మానుకుంటా" అన్నాడు. గొర్రెల్ని అమ్ముకోమన్నా అంత దిగులు పడేవాడు కాదు. సరే పదమని అంగళ్ల మీద పడ్డాం. మామకు కావలసిందేమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. లోపలున్నది దూరం నుంచే కనపడాలి. మోగకూడదు. ఈక నలగకూడదు, నలిగిన ఈకను చేప నమ్మదట. సబ్బుపెట్టె చూపిస్తే మూసుంది అన్నాడు. గాజుల పెట్టె మరీ పెద్దది. తమలపాకుల పెట్టె అయితే చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "మోగుతాంది" అని పక్కన పెట్టాడు. గాజుసీసా తీసుకోమన్నాను నేను. సీసా అనగానే ఆయన మొహం పాలిపోయింది. సీసాలతో కూడా ఏమేం చేసేవాళ్ళో నాకేం తెలుసు! కాళ్ళు పీకి, కోపం వచ్చి, "నీకు పెట్టె బ్రహ్మదేవుడు చేసివ్వాల మామా" అని తిట్టాను కూడా.

చివరికి కంసాలులకు కావలసిన సామాన్లమ్మే ఒక సాయబు అంగట్లో దొరికింది. ముక్కుపుడకలు పెట్టుకునే పెట్టె. పైన అద్దం, లోపల ముఖమల్ గాట్లు. మామ జేబులోంచి ఎర్రపుంజు గాలం తీసి ఒక గాటులో గుచ్చాడు. ఈక నిటారుగా నిలబడింది. పెట్టె ఊపాడు, చప్పుడు లేదు. అంగడి బయటికి పోయి, వీధికి అవతల నిలబడి పైకెత్తి పట్టుకుని, "కనపడతాందా పాపా?" అని అరిచాడు. కనపడింది, ఎర్రగా, చక్కగా. సాయబు మాత్రం ఒక మాట చెప్పాడు. "నీళ్ళు తగలనియ్యొద్దు భాయ్. సందుల్లోంచి దిగితే ముఖమల్ ఖరాబైతాది." మామ తలూపాడు గానీ ఆయన కళ్ళన్నీ పెట్టెమీదే. ఆ రోజు ఆయన మొహంలో చూసిన సంతోషం పెళ్ళినాటి ఫోటోలో కూడా లేదు.

ఆ తర్వాత కొంతకాలం బాగా గడిచింది. అద్దం పైకి వచ్చేలా పెట్టెను అరచేతిలో పెట్టుకుని, హారతి పళ్ళెం తెచ్చినట్టు ఊరి మధ్యలో నడిచేవాడు. మొదట్లో అవతలి పార్టీ వాళ్ళు దగ్గరికొచ్చి తొంగిచూసి పోయేవాళ్ళు. తర్వాత చూడడం మానేశారు. కొందరైతే కొర్రమీను అడిగి తీసుకుపోయేవాళ్ళు కూడా. ఊరు మామ చేతులకు అలవాటు పడింది. అలవాటు పడనిది ఒక్కడే. అవతలి పార్టీలో ఒకామె చిన్నకొడుకు. అన్న బాంబు దెబ్బకు కాలు పోగొట్టుకున్న ఏడే, తల్లి వీణ్ని కువైట్ పంపేసింది. రాజీ, షరతు, అద్దంపెట్టె, ఇవేవీ వాడు చూడలేదు. వాడికి తెలిసిన మామ జీపులో సంచి పట్టుకున్న మామే. అలాంటివాడు పెళ్ళి కుదిరిందని ఊరికొచ్చాడు.

ఆ వారం అత్తకు జ్వరమని నేను పల్లెలోనే ఉన్నాను. సాయంత్రం వాన తుంపర మొదలైంది. మామ గండికోట వైపు, లోయ పక్కన రాళ్ళదారిలో తిరిగి వస్తున్నాడు. ముఖమల్ తడుస్తుందని భుజం మీది తువ్వాలు తీసి పెట్టెకు చుట్టాడు. ఎదురుగా ఆ పిల్లవాడు. మామను చూశాడు, చేతిలో మూట చూశాడు, నిలువునా బిగుసుకుపోయాడు. మామకు అప్పుడు వెలిగింది. తువ్వాలు విప్పి చూపిద్దామని, "గాలాలప్పా, గాలాలు!" అంటూ చేయి పైకెత్తాడు. అలా ఎత్తిన చేయి ఏం చేస్తుందో ఆ పిల్లవాడు ఇంట్లోనే, అన్న కాలులో చూసినవాడు. వెనక్కి తిరిగి తడిసిన బండలమీద పరిగెత్తాడు, కాలు జారి లోయలో పడ్డాడు. మామ లోయలోకి దిగేసరికి వాడిలో ఊపిరి లేదు.

మామ ఇంటికొచ్చి, తడి బట్టలతోనే గడపలో నిలబడి, "వాడు పరిగెత్తినాడు పాపా" అన్నాడు. ఎవరని అడిగితే మళ్ళీ అదే మాట. అంతా తెలిశాక అత్త ఆ జ్వరంలోనే లేచి, "పులివెందులకు పో, కూతురి దగ్గర దాక్కో" అని కాళ్ళు పట్టుకుంది. మామ తువ్వాలు తీసి మూల పడేశాడు. చొక్కా కూడా విప్పేశాడు. పెట్టె రెండరచేతుల మీదా పెట్టుకుని వాళ్ళింటి దారి పట్టాడు. ఆడమనిషి పక్కన ఉంటే కత్తి ఎత్తరని అత్త నన్ను వెంట తరిమింది. నాకు ధైర్యమేమీ లేదు. లోయలోంచి మోసుకొచ్చిన ఆ పిల్లవాణ్ని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఏడుపు ఆగిపోయి మగవాళ్ళు లేచారు. కర్ర ఊతంతో నిలబడిన అన్న చేతిలో వేటకొడవలి ఉంది.

తల్లి ఒక్కతే కదల్లేదు. "ఏంది అది?" అంది.

"గాలాలమ్మా. ఈకలు కట్టిన గాలాలు. వాన పడతాందని గుడ్డ చుట్టినా. అది చూసి వాడు పరిగెత్తినాడు" అన్నాడు మామ. పెట్టె ఆమె ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

ఆమె మూత తెరిచింది. ఎర్రపుంజు గాలం గాటులోంచి లాగి, అరచేతిలో వేసుకుని దీపం దగ్గరికి పట్టుకుంది. ఊదితే ఎగిరిపోయేంత ఈక. "ఈకలకా నాయనా" అంది కొడుకువైపు తిరిగి. "ఈకలకా నువ్వు పరిగెత్తింది?"

"పక్కకు జరుగుమ్మా, వాడు అబద్ధం చెప్తాండాడు" అని అన్న ముందుకొచ్చాడు.

"అబద్ధమాడేటోడు సావడానికి మనింటికొస్తాడా?" అందామె. "వద్దురా. సంపితే వీనికి మరుపొస్తాది. నాకు రాదు. వీనికీ రాకూడదు." ఎర్ర గాలాన్ని చీరకొంగున ముడివేసుకుంది. మూత వేసి, పెట్టెను తన చేత్తోనే మామ చేతుల్లో పెట్టింది.

ఆ ఇంట్లో తర్వాత ఎవరూ కత్తి ఎత్తలేదు. మామ మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోలేదు. పెట్టెను వీధివైపు కిటికీలో పెట్టి, దానికెదురుగా నులకమంచం వేసుకుని ముసలివాడయ్యేదాకా బతికాడు. అన్నం తింటూ మధ్యలో ఆగి, "గాలాలప్పా" అని మెల్లగా అనేవాడు, ఎదురుగా ఎవరో నిలబడినట్టు. అత్త విననట్టే ఇంకో ముద్ద పెట్టేది. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, ఆ తల్లీ లేదు. పెట్టె నా దగ్గరుంది.

ముక్కుపుడక కొన్న రోజు ఇంటికొచ్చి దాన్ని బయటికి తీశాను. ఈకల్ని పురుగులు ఎప్పుడో తినేశాయి, తుప్పుపట్టిన ఇనుము మిగిలింది. కిటికీ ఎండకు ముఖమల్ నలుపంతా పోయి బూడిదరంగుకు తిరిగింది. ఎర్రపుంజు గాలం ఉండిన గాటును గోటితో కాస్త విప్పి చూశాను. లోపల ముఖమల్ ఇంకా అంగట్లో చూసినంత నల్లగా ఉంది. ఇన్నేళ్ళ ఎండ ఆ గాటులోపలికి మాత్రం చేరలేదు.