ఇద్దరు విడివిడిగా చదవాల్సిన కాగితాలు

ఇన్నేళ్లుగా ఇది నా గుండెల మీద కుంపటి. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో ఢిల్లీలో, జియా సరాయ్‌లో అద్దెగదిలో ఉంటూ సివిల్స్‌కి చదివేవాణ్ణి. పొట్టకోసం పర్యావరణ పరిశోధన చేసే ఒక ఆఫీసులో చేరాను. గాలి మీద, దుమ్ము మీద జరిగిన చిన్న చిన్న అధ్యయనాలన్నీ కలిపి ఒకే మాట తేల్చే వ్యాసాలు వస్తుంటాయి. వేటిని కలిపారో, వేటిని వదిలేశారో, ఎందుకో దాచకుండా రాశారా అని మార్కులు వేయడం మా పని. ఒక్కో వ్యాసాన్ని ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒకరి మార్కులు ఒకరు చూడకూడదు.

రెండో మనిషి శ్యామలక్క. విజయనగరం ఆవిడ. భర్త సైన్యంలో, కాపురం కంటోన్మెంట్‌లో. పిల్లలు చిన్నవాళ్లని వ్యాసాలు ఇంటికి తీసుకెళ్లి చదివేది. నాకూ ఒక టిఫిన్ డబ్బా తెచ్చేది.

పరీక్ష దగ్గరపడింది. ఆఫీసులో అక్క బల్ల సొరుగు తీసి, ఆవిడ మార్కులు నా కాగితాల్లోకి ఎక్కించాను. ఒక్కరోజే అనుకున్నాను. ఎన్ని రోజులు చేశానో! ఆ వ్యాసాలు కనీసం తెరిచానా? తెరిచాను, నా మొహం!

ఒకచోట అక్క పొరపాటున ఒక వ్యాసం మార్కుల్ని పక్క వ్యాసం వరసలో వేసింది. నేనూ అక్కడే వేశాను. విడిగా చదివిన ఇద్దరికి అదే పొరపాటు అదే చోట ఎలా వస్తుంది? ఇద్దరి కాగితాలూ పోల్చిన ఆఫీసు పెద్దసారు అది పట్టేశారు. ఆయనా తెలుగాయనే. ఇద్దర్నీ పిలిచారు.

“అచ్ఛా, ఎవరు ఎవరిది చూసి రాశారు?”

“నాది నేనే రాసానండి. తమ్ముణ్ణి అడగండి, చెప్తాడు,” అంది అక్క.

“నాకు తెలీదు సార్,” అన్నాను.

నా కాగితాలు కూడా ఇంటికి పట్టుకెళ్లి చూసి రాసి ఉంటుందని అనుమానం ఆవిడ మీదే పడింది. ఆ వారమే ఆవిడ ఉద్యోగం పోయింది. కుక్కిన పేనులా కూర్చున్నాను. వెళ్తూ నా వైపు చూసింది, కోపంగా కాదు, పాపం వీడు భయపడ్డాడేమో అన్నట్టు. తిట్టినా బాగుండేది.

ఆ ఒక్క వరస దిద్ది, మా మార్కులతోనే నివేదిక అచ్చువేశారు. ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు విడివిడిగా చదివారనే ఉంది అందులో. వ్యాసాలు రాసినవాళ్లు ఏమైనా దాచారా అని తూచిన నివేదిక!

నోరు తెరిస్తే జీతం, గది, పరీక్ష అన్నీ పోతాయని భయం. ఆ పరీక్షా గట్టెక్కలేదు. గట్టెక్కి ఉంటే చెప్పేవాణ్ణా? అనుకోను. అక్క భర్తకి బదిలీ అయిందని విన్నాను. ఎక్కడికని అడగలేదు, తెలిస్తే వెళ్లాల్సి వస్తుందని.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. చూసి రాసింది నేను. శ్యామలక్క కాదు.