ఆదివార శిల

హెలికాప్టరు నన్ను సరిహద్దు పోస్టు దగ్గర దించినప్పుడు ఉదయం ఏడూ పది. ఇంజను ఆపలేదు. ఆ ఎత్తులో ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. తలుపు తీశారు. నన్నూ, రెండు కిరోసిన్ క్యాన్లనూ, ఒక రేడియో బ్యాటరీనీ మంచులోకి తోశారు. వెళ్లిపోయారు. పదిహేడు వేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తు. సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద చలి. ఒంటి మీద నాలుగు పొరల బట్టలు, కాళ్లకు మూడు జతల మేజోళ్లు, నడుముకు తాడు.

ఆ పోస్టు పేరు చెప్పను, చెప్పకూడదు. మా ఊళ్లో అందరూ ముందు అడిగేది అదే. రెండోది, "శత్రువును చూశావా?" అని. చూడలేదు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూసింది మంచునీ, ఏడుగురు మనుషులనీ. విన్నది గాలి, రేడియో, ఒక క్రైస్తవ కీర్తన. ఆ కీర్తన గురించి మొదలుపెడితే టీ తాగే వాళ్లు కూడా గ్లాసు పెట్టేసి లేస్తారు. విసుగొచ్చి ఇలా రాస్తున్నాను.

ఫైబరు గుడిసెలో ఎనిమిది మందిమి. పైన ఒక లెఫ్టినెంటు, ఉత్తరాది కుర్రవాడు. మందులు చూసే నర్సింగ్ అసిస్టెంటు కేరళ మనిషి. నేను రేడియో ఆపరేటర్ని, అందుకని నా పేరే రేడియో. వంటవాడు తెలుగువాడు. మొదటి రోజే నా యాస పట్టేశాడు.

"ఏ ఊరన్నా మీది?"

"నడికుడి పక్కన."

"మాది క్రోసూరు పక్కనే! ఎనిమిది మందిలో ఇద్దరం పల్నాడోళ్లం. ఇంకేం కావాలన్నా?"

ఆ సంతోషం మర్నాడు ఉదయం ఐదున్నర దాకా ఉంది. ఐదున్నరకు వాడు స్టవ్ వెలిగించి, మూత మీద గరిటెతో తాళం వేస్తూ ఎత్తుకున్నాడు.

"ఆదివార శిలవు నీవే, అలసిన నా పాదములకు..."

రోజూ అదే పాట. బంగాళదుంపలు రాళ్లలా గడ్డకట్టేవి. వాటిని సుత్తితో పగలగొడుతూ అదే. మంచు కరిగించి నీళ్లు చేస్తూ అదే. మూడో వరుస దగ్గర పాట పైకి ఎక్కుతుంది. అక్కడ గాలి చాలక వాడి గొంతు జీరపోతుంది. ఆగి, దగ్గి, మళ్లీ మొదటి నుంచి పాడేవాడు. పోనీ అక్కడి నుంచి అందుకోవచ్చు కదా? అందుకోడు.

పాట కన్నా నన్ను ఎక్కువ వేధించింది ఒక మాట. నాది మాటల ఉద్యోగం. సగం వినిపించిన మాటను రేడియో మనిషి ఒప్పుకోకూడదు. సరిగ్గా వినిపించే దాకా "మళ్లీ చెప్పు" అనాలి. తన మాట ముగిసిన ప్రతిసారీ "ఓవర్" అనాలి, ఇక నీ వంతు అని. ఒక్క అంకె తప్పు రాసుకుంటే హెలికాప్టరు మా కిరోసిన్‌ను లోయలో పడేసి పోతుంది. పదిహేనేళ్లు ఆ పని చేసినవాడి చెవిలో రోజుకు యాభైసార్లు తప్పు మాట పడితే ఎలా ఉంటుంది?

"ఆదివార శిల ఏందిరా?" అని అడిగాను ఐదో రోజున.

"దేవుడన్నా."

"దేవుడు శిల, సరే. ఆదివారం శిల ఏంది? సోమవారానికి కరిగిపోద్దా?"

"అట్టనే పాడతారు."

"అది ఆధార శిల అయ్యుంటది. ఆధారం. ఎవరో తప్పు విన్నారు. అందరూ అదే పట్టుకున్నారు."

"మా అమ్మ పాడిద్ది. మా అమ్మ తప్పు పాడదు."

"మీ అమ్మ చదువుకుందా?"

"అక్షరం రాదు. పాటలైతే వందకు పైనే వచ్చు."

ఇలాంటి వాడితో ఏం వాదిస్తాం?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రాగం నాకు ముందే తెలుసు. మాకు ఆరెకరాల మిరప చేను ఉంది. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుంటే, కలుపు తీసే ఆడవాళ్లు వేరే మాటలతో సరిగ్గా ఈ రాగమే పాడేవాళ్లు. ఆదివారం వాళ్లు పనికి వచ్చేవాళ్లు కాదు. కాయ పండి చెట్టు మీదే ఎండిపోతుంటే మా నాన్న ఆదివారాన్ని తిట్టేవాడు, అవతల వీధి చర్చి మైకును తిట్టేవాడు. నేను కూడా ఆ మైకును తిడుతూనే పెరిగాను. ఒక్క పాటలోనూ మాటలు విన్న పాపాన పోలేదు.

"రాగం కూడా మా చేలో నుంచి ఎత్తుకొచ్చిందే," అన్నాను వాడితో.

వాడు నవ్వాడు. "అట్టాంటి చేలల్లోనే గదన్నా మా అమ్మ వంగింది. పొద్దున కలుపు కాడ ఒక మాట, సాయంత్రం ప్రార్థనలో ఒక మాట. రాగం ఒకటే సరిపోద్ది."

రెండో నెలలో పదకొండు రోజులు గాలివాన. మంచువాన అనాలి. రెండు గంటలకొకసారి ఇద్దరిద్దరం బయటికి వెళ్లి పారలతో కప్పు మీది మంచు తీసేవాళ్లం. తీయకపోతే గుడిసె కూలుతుంది. లోపల కిరోసిన్ మసి. ఉమ్మితే నల్లగా పడేది. ఆ పదకొండు రోజుల్లో పోస్టు మొత్తానికి పాట అంటుకుంది. కేరళ మనిషి కూనిరాగం తీస్తున్నాడు. లెఫ్టినెంటు హిందీలో అర్థం చెప్పమన్నాడు. చెప్పాను.

"ఇత్‌వార్ కా పత్థర్?" అని నా వైపు చూశాడు, తప్పంతా నా అనువాదంలోనే ఉన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. ఇది తేలాల్సిందే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కొక్కరికీ శాటిలైట్ ఫోనులో రెండు నిమిషాలు. ఆ ఫోనుకు ఆకాశం కనబడాలి. అందుకని గుమ్మంలో నిలబడి మాట్లాడాలి. గడియారం పట్టుకునేది నేనే. నాలుగో నెలలో ఒక ఆదివారం, వాడి వంతు రాగానే చెప్పాను. "మీ అమ్మను అడుగు. ఇవాళ తేల్చేద్దాం."

పధ్నాలుగు గంటల పది నిమిషాలకు ఫోను కలిసింది. ఆమె అరిచినట్టు మాట్లాడుతుంది. ప్రతి మాటా నాకు వినపడుతోంది.

"అమ్మా, మా రేడియో అన్న అడుగుతున్నాడు, ఆదివార శిలంటే ఏందని."

"ఎవర్రా ఆయన? పాస్టరా?"

"కాదమ్మా. నడికుడి పక్కన రైతులు. మనోళ్లు కాదు."

"మరాయనకెందుకురా?"

"ఇంకా యాభై సెకన్లే," అన్నాను నేను.

"వారంలో ఆరు రోజులు ఒకరి చేలో వంగే ఉంటాం గదరా," అంది ఆమె. "ఆ ఒక్కరోజే నడుం ఎత్తి నిలబడేది. నిలబడాలంటే కాళ్ల కింద గట్టిగా ఏదో ఒకటి ఉండాలా, అక్కర్లేదా? అదేరా. ఆయనకి చెప్పు."

రెండు నిమిషాలయ్యాయి. లైను కట్ చేశాను. ఆ రెండు నిమిషాల్లో వాడు ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. ఆమెకు నెల రోజులుగా ఆయాసం. ఆ సంగతి నాకూ తెలుసు.

"విన్నావా అన్నా?" అన్నాడు వాడు గర్వంగా.

"అర్థం బాగుంది. మాట మాత్రం తప్పే," అన్నాను. అలా అన్నాను నేను.

తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం, ఎనిమిదీ ఇరవై ఐదుకు బేస్ నుంచి సందేశం. రాసుకున్నాను. వంటవాడి తల్లి తెల్లవారుజామున చనిపోయింది. మట్టి చేసేది రేపు మధ్యాహ్నం మూడు గంటలకు. అలవాటు కొద్దీ "మళ్లీ చెప్పు, ఓవర్" అన్నాను. బేస్ మళ్లీ చెప్పింది. అప్పుడు కాగితం పట్టుకుని స్టవ్ దగ్గరికి వెళ్లాను.

హెలికాప్టరు మూడు రోజులుగా ఎగరడం లేదు. నడిచి దిగాలంటే ఐదు రోజులు. దానికి తోడు వారం నుంచి దగ్గి దగ్గి వాడి గొంతు పూర్తిగా పోయింది. వాడు ఏడిస్తే కూడా శబ్దం రాలేదు. రేషను అట్టపెట్టె చింపి దాని మీద రాసి చూపించాడు. వాళ్ల ఊళ్లో సమాధి గుంట దగ్గర పెద్దకొడుకే పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకుంటారు. ఏ పాటో అమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది.

లెఫ్టినెంటు నన్ను అడిగాడు. "బ్యాటరీ?"

"రెండు గీతలు, సాబ్. సౌర పలకలు మంచులో ఉన్నాయి."

"ఐదు నిమిషాలు ఇవ్వు."

ఇస్తే మాత్రం ఏం లాభం? పాడేవాడికి గొంతు లేదు. వాడు నా చేయి పట్టుకున్నాడు. వాడి నోటి దగ్గర చెవి పెట్టి వింటే గానీ అర్థం కాలేదు.

"నువ్వు పాడన్నా."

"నేనా? నాకు పాటలు రావురా. పైగా నేను..."

"నాలుగు నెలల నుంచి తిడుతున్నావుగా. రాకుండానే తిట్టావా?"

వెళ్లి ఫోను బ్యాటరీని చలికి చచ్చిపోకుండా నా కోటు లోపల పెట్టుకున్నాను.

బుధవారం, పదిహేను గంటల ఐదు నిమిషాలు. గుమ్మంలో నిలబడి నంబరు నొక్కాను. వాడి మేనమామ ఎత్తాడు. వెనక జనం అలికిడి, తాళాల చప్పుడు.

"అబ్బాయికి గొంతు పోయింది బాబాయ్. పక్కనే ఉన్నాడు. వాడి బదులు నేను ఎత్తుకుంటా."

"నువ్వెవరు నాయనా?"

"రేడియో."

"సరే, ఎత్తుకో నాయనా. ఫోను మైకు కాడ పెడతన్నా."

నోట్లో "ఆధార" అనే మాట సిద్ధంగా ఉంది. నాలుగు నెలలు దాని కోసమే కొట్లాడాను. అవతల ఆమెతో కలిసి ముప్పై ఏళ్లు పాడిన మనుషులు గుంట చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఆదివార శిలవు నీవే," అన్నాను, "అలసిన నా పాదములకు. ఓవర్."

మాట అటు వెళ్లి ఇటు రావడానికి ఒకటిన్నర సెకను. ఆ తర్వాత వచ్చింది. ఆడవాళ్ల గొంతులు, మగవాళ్ల గొంతులు, అన్నీ కలిసి. "ఆదివార శిలవు నీవే, అలసిన నా పాదములకు, ఓవర్."

చివరి మాట కూడా రాగంలోనే పాడారు. నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. ఆగితే ఆలస్యం. ముందుకు పోయాను.

"వరదలో నా వంతెనైతివి, ఎండలో నా మబ్బువైతివి..."

మూడో వరుస ఎక్కే చోట నాకూ ఊపిరి చాలలేదు. వాడిలాగే జీరపోయాను. అవతలివాళ్లు ఆగలేదు. నన్ను వదిలేసి పైకి ఎక్కేశారు. ఆ తర్వాత పాట ఎత్తుకున్నది వాళ్లే. ఒకటిన్నర సెకను వెనకగా అందుకున్నది నేను. మట్టి పడుతున్న చప్పుడు వినబడింది. నాలుగో నిమిషం దాటాక లెఫ్టినెంటు వైపు చూశాను. ఆయన గడియారం మీదికి గ్లోవు లాక్కుని, కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడో నిమిషంలో బ్యాటరీ చచ్చిపోయింది.

ఆ సాయంత్రం వాడు అందరికీ చపాతీలు చేశాడు. ఎవరు వద్దన్నా వినలేదు. వారానికి గొంతు తిరిగొచ్చింది. నాతో అన్న మొదటి మాట ఇది:

"రెండో చరణంలో తాళం తప్పావన్నా."

వీడికోసమా నేను గడ్డకట్టి పాడింది అనిపించింది.

ఏప్రిల్ చివర్లో దిగాం. వాడు ముందు, నేను ఆరు రోజుల తర్వాత. సికింద్రాబాదులో బండి మారి, నడికుడిలో మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగాను. పల్నాడు ఎండ నెత్తిన పడింది. నాలుగో రోజున వాళ్ల ఊరు వెళ్లాను. వాకిట్లో ఒక ముసలామె నా గొంతు వినగానే, "ఓవరన్నది నువ్వేనా అయ్యా?" అని చేతులు పట్టుకుంది.

సమాధి చేల పక్కన ఉంది. ఇద్దరమే వెళ్లాం. నాలో అప్పటిదాకా నలుగుతున్నది అక్కడ చెప్పాను.

"మీ అమ్మతో నీ చివరి రెండు నిమిషాలూ నా మాట కోసం పోయినయ్‌రా."

వాడు సమాధి మీద పడిన ఎండుటాకులు తీస్తున్నాడు. "పోలేదన్నా. ఒంట్లో ఎట్టుందని అడిగితే బాగుందనే చెప్పేది. ఎప్పుడూ అట్టనే చెప్పిద్ది. పాట గురించి అడిగావు కాబట్టి నిజం చెప్పింది."

ఇప్పుడు నేను సైన్యంలో లేను. మిరప వేస్తున్నాను. అవతల వీధి చర్చి మైకు మాత్రం పొద్దున్నే మోగుతూనే ఉంది. కీబోర్డు హోరులో పాట ఒక్క ముక్క వినబడదు. వెళ్లి ఆ హోరు తగ్గించండయ్యా, మాటలు వినబడనీయండి అని రెండుసార్లు చెప్పి వచ్చాను. వాళ్లు నన్ను వింతగా చూశారు. మా వాళ్లు ఇంకా వింతగా చూశారు. శత్రువును చూశావా అని అడగడం మాత్రం ఎవరూ మానలేదు.

నేను చూసింది ఇది. ఆ ఏడు నిమిషాలూ వాడు గుమ్మంలో నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. గొంతు లేదు. పెదవులు కదులుతున్నాయి. ఆ చలికి ఒక్కో మాటకూ నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. పొట్టి మాటకు చిన్న ఆవిరి. రాగం సాగే చోట పొడుగాటి ఆవిరి. ఒకటి చెదిరిపోకముందే ఇంకొకటి. చప్పుడు లేకుండా, తాళం తప్పకుండా, చివరి చరణం దాకా.