చెరువుకు తిండి ఎక్కువైంది

మా ఆయన రిటైరైన ఏడాదే తిరుపతి పొలిమేరలో, చెరువు పక్కన ఇల్లు కట్టుకున్నాం. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఆయన ఆఫీసులో ఫైళ్లు చూసేవారు. మొక్కల గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే: పచ్చగా ఉంటే మంచిది.

రోజూ పొద్దున్నే ముగ్గురు స్నేహితులతో కలిసి చెరువుగట్టు మీద నడిచేవారు. రెండో ఏడు ఎండాకాలంలో నీళ్లు పచ్చబడ్డాయి. ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు. అది నాచు అని, మా కాలనీ మురుగంతా అందులోకే పోతోందని, సబ్బునీళ్లూ మరుగుదొడ్ల నీళ్లూ దానికి ఎరువని చెప్పాను.

"తిననీలే, పాపం," అన్నారాయన.

తర్వాతి ఏడు నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుంది. ఊదారంగు పూలు. ఒకరోజు దోసెడు కోసుకొచ్చి పూజగదిలో పెట్టబోయారు. అవి ఏ నీళ్లు తాగి పెరిగాయో చెప్పాను. వాటిని పెరట్లో పడేసి, రెండుసార్లు చేతులు కడుక్కున్నారు. ఆ సబ్బునీళ్లూ చెరువుకే పోయాయి. ఆ సంగతి మాత్రం నేను చెప్పలేదు.

ముసురు పట్టిన ఒక పొద్దున నడక సగంలో మానేసి వచ్చారు. చేపలన్నీ చచ్చి వెల్లకిలా తేలాయట. కాఫీ ముట్టుకోలేదు. ఎవరో విషం కలిపారని, పోలీసులకు చెప్పాలని అన్నారు.

"ఎవరూ విషం కలపలేదు. మనమే తిండి ఎక్కువ పెట్టినాం," అన్నాను.

నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువు అయిపోతుందని, ఎండ లేని రోజుల్లో నాచు ప్రాణవాయువు విడవదు గనుక చేపలకు అసలే ఊపిరాడదని వివరించాను. ఆయన పోలీసుల మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నాకూ వేళాకోళం రాలేదు.

మరుసటి వారం నలుగురూ తాళ్లు తీసుకుని గుర్రపుడెక్క లాగడానికి దిగారు. ఈయన బురదలో జారి మోచేయి బెణికించుకుని, ఎముకల వైద్యానికి పేరున్న పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొచ్చారు. ఆ కట్టు విప్పేలోగా, వాళ్లు శుభ్రం చేసిన మేరంతా మళ్లీ ఆకు కప్పేసింది.

మురుగు ఆపనిదే లాభం లేదన్న నా మాట అప్పుడు విన్నారు. ఫైళ్లు తెలిసిన మనిషి కదా, అర్జీలు రాయడం ఆయనకు చేయి తిరిగిన పని. ఏడాదికి పైగా తిరిగి, కాలనీ మురుగును శుద్ధిచేసే చోటికి మళ్లించే పైపు వేయించారు. మురుగు మళ్లిన మర్నాడు తెల్లారగానే గట్టు మీదికి పరుగెత్తారు. నీళ్లు పచ్చగానే ఉన్నాయి.

"నీ శాస్త్రం తప్పినట్టుండాదే. యాడ తేటపడింది?" అని నన్ను నిలదీశారు.

"ఇన్నేండ్లు మనం పెట్టిన తిండంతా అడుగు బురదలో ఉండాది. అది అయిపోయేదాకా కొంచెం కొంచెంగా పైకి వస్తానే ఉంటాది. ఏండ్లు పడతాది," అన్నాను.

ఊరికే కూర్చోలేని మనిషని, ఒక తెల్లటి పళ్లేనికి తాడు కట్టి ఇచ్చాను. నీళ్లలోకి దించి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూడమన్నాను. మొదట్లో జానెడు దిగగానే మాయమయ్యేది. వారం వారం డైరీలో రాసుకునేవారు. రెండేళ్లకు మూరెడైంది. అంతలో ఒక పెద్ద వాన బురదంతా కలిపేసి మళ్లీ జానెడికే తెచ్చింది. ఆ వానేదో నేనే కురిపించినట్టు నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు మూర దాటింది. ఒడ్డు దగ్గర నీళ్ల అడుగున సన్నటి మొక్కలు మొలిచి, వాటి మధ్య చేపపిల్లలు తిరుగుతున్నాయి.

పోయిన నెల మా కాలేజీ పిల్లలు చెరువు చూడ్డానికి వచ్చారు. మా ఆయన గట్టు మీద నిలబడి నాచు, ప్రాణవాయువు, అడుగు బురద అన్నీ తానే కనిపెట్టినట్టు చెప్పుకుపోయారు. ఒకచోట పొరపాటు దొర్లితే వెనకనుంచి సరిదిద్దబోయాను.

"సందేహాలుంటే పాఠమంతా అయినాక, కడాన అడగాల," అన్నారు నావైపు చూసి.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను, పిల్లల వెనక నోరు మూసుకుని నిలబడ్డాను.