మోదుగపూల దారిలో దొరికిన పుట్టిల్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసు గుడారాల దుమ్ము తప్పించుకుందామని, ఉగాది సెలవుల్లో స్నేహితుడి పాత కారు అడిగి తీసుకుని నేనూ నా భార్య సుభద్రా నల్లమల చూడటానికి బయల్దేరాం. వసంతాన్ని వెతుక్కుంటూ ఆ జిల్లాలో తిరిగిన బెజవాడవాళ్ళం బహుశా మేమే.

ఆత్మకూరు దాటాక ఇంజను ఆవిరి కక్కింది. సుభద్ర ఒక బండమీద అటు తిరిగి కూర్చుని మోదుగపూలు చూస్తోంది. నేను డబ్బా పట్టుకుని పక్కనున్న ఇంటికి నీళ్ళకు వెళ్ళాను. ఆ ఇంటి పెద్దావిడ నీళ్ళు పోస్తూనే నా భార్యనూ, కారులోని పరుపుచుట్టనూ చూసింది.

“ఏమప్పా, ఆ యమ్మను పుట్టినింట్లో ఇడిసేదానికి పోతాండావా?”

“లేదమ్మా, పూలు చూడటానికి వచ్చాం.”

“పూలు సూసేదానికి కారేసుకోని ఎవురొస్తారప్పా? శానా బాధపెట్టినట్టుండావు.”

నేను చెప్పేకొద్దీ నా నేరం రుజువవుతూ పోయింది. ఆవిడ సుభద్రను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి బొట్టు పెట్టింది. కూతుర్ని కాపురానికి పంపేటప్పుడు తల్లి ఆమె ఒడిలో బియ్యం పోస్తుంది. ఆ ఇంట్లో బియ్యం లేవు కాబోలు, జొన్నలు పోసింది.

“నా బిడ్డను నీతో పంపుతాండా. మళ్ళా తగువైతే ఈడికే తోల్కరా.”

సుభద్ర కాదనలేదు సరికదా, నవ్వాపుకోలేక వచ్చిన కన్నీళ్ళను కొంగుతో ఒత్తుకుంది. పెద్దావిడ నావైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

అంతవరకూ మేం పోట్లాడుకోలేదు. నిజం ఎందుకు చెప్పలేదని కారెక్కగానే నేనే మొదలుపెట్టాను.

“గొంతు తగ్గించండి. మా అమ్మగారిల్లు ఇంకా కనిపిస్తూనే ఉంది” అంది సుభద్ర.