వీధి కొన్న గుట్ట

మా వీధిలో అందరూ ఆయన్ని బ్రేకు మావయ్య అనేవాళ్ళు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ ఆ పేరు అందుకు రాలేదు. ఎవరు ఏ మంచి మాట ఎత్తినా ముందు అడ్డం పడేది ఆయనే.

మా ఇళ్ళ వెనకే గుట్ట. దాని సొంతదారు ఎక్కడో ఉండేవాడు. చెట్లు కొట్టించాడు, మట్టి తవ్వించి అమ్ముకున్నాడు. ఎండాకాలం ఆ బోడిగుట్ట పెనంలా కాలేది. వానలు కూడా మునుపటిలా లేవు, పడితే కుంభవృష్టే. బురద మా వంటిళ్ళలోకి వచ్చేది. చివరికి అతను గుట్టను అమ్మకానికి పెడితే వీధివాళ్ళమంతా కలిసి కొన్నాం. పంచుకోకూడదు, అమ్ముకోకూడదు, అడవిలా పెంచాలి అని కట్టుబాటు రాసుకున్నాం.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట," అన్నాడు మావయ్య. అయినా అత్తయ్య పోరు పడలేక తన వాటా ఇచ్చాడు. అత్తయ్యది ఉబ్బసం. మధ్యాహ్నమైతే వాళ్ళింటి రేకుల కప్పు కింద ఆవిడకు ఊపిరాడేది కాదు. గుట్ట మీద ఇంత నీడ వస్తే చాలని ఆవిడ ఆశ.

మొక్కలు నాటామో లేదో, మావయ్య తన వంతు ఇంతవరకు అని చుట్టూ రాళ్ళు పేర్చుకున్నాడు. లోపల వాన నీరు ఇంకేలా కాలవలు తవ్వాడు, మొక్కల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. రాళ్ళ అవతల మొక్క వాడిపోతున్నా చూడనట్టే దిగి వచ్చేవాడు. మేం చాటుగా నవ్వుకున్నాం తప్ప ఏమీ అనలేదు. ఆయన చేతిలో మొక్కలైతే బతుకుతున్నాయి కదా.

మరుసటేడు పెద్ద వాన పట్టుకుంది. ఆయన వంతు చెక్కుచెదరలేదు. దాని పక్కనే, ఎవరూ సరిగా పట్టించుకోని చోట, మట్టి జారింది. జారి నేరుగా ఆయన ఇంట్లోకే వచ్చింది. మోకాలి లోతు బురదలో నిలబడిపోయిన మొగుణ్ణి చూసి, మంచం మీద ముడుచుకు కూర్చున్న అత్తయ్య దెప్పలేదు.

"వానకి మన వాటా ఏదో తెలీదు కదండీ," అంది మెల్లగా.

తెల్లారి అందరం పారలు పట్టుకుని ముందు ఆయన ఇల్లే శుభ్రం చేశాం. వాన తెరిపిచ్చాక మావయ్య గుట్టెక్కి, తన రాళ్ళు తనే పీకి, జారిన చోట అడ్డుకట్ట పేర్చడం మొదలుపెట్టాడు. మా వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషను అక్కకు నోరు ఊరుకోదు.

"ఇది మీ వంతు కాదే మావయ్యా," అంది.

"ముందా రాయి అందించు తల్లీ."

ఆ తర్వాత కొన్నేళ్ళకు చెట్లు ఏపుగా ఎదిగి నీడ పరిచాయి. ఇప్పుడు ఎంత వాన పడ్డా నీళ్ళు తేటగా, నెమ్మదిగా దిగుతాయి. సాయంత్రాలు కిటికీలు తీస్తే చల్లగాలి వస్తుంది.

మధ్యాహ్నం మావయ్య అత్తయ్య చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి పైకి తీసుకెళ్తాడు. ఆవిడ ఓ మానుకు ఆనుకుని కునుకు తీస్తుంది. ఆయన పక్కనే కూర్చుని, ఊపిరి సాఫీగా ఆడుతోందా లేదా అని చెవి ఒగ్గి వింటుంటాడు. అటుగా వెళ్తూ మేం పలకరించబోతే పెదాల మీద వేలుంచి, పొమ్మని సైగ చేస్తాడు.